మిద్దెమీది బరువు



కొలతయు తూకమును ఒకటి కావని వంటయింటిలో మెలగు మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు. లీటరు గిన్నెడు నీరు కిలో తూగును. అదే గిన్నెడు నూనె కిలోకు తక్కువ. తేనె యైనచో రమారమి కిలో నాలుగువందల గ్రాములు. గిన్నె మాఱలేదు, పదార్థము మాఱినది. ఒక లీటరు బరువు తెలిసినచో ఎన్ని లీటర్లకైనను గుణించి బరువు తెలిసికొనవచ్చును. ఈ లెక్క మన నెత్తిమీది కప్పునకును మిక్కిలి అవసరమని తెలుపుటకే మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా కలకడలో పాత మట్టిమిద్దెల కప్పు దూలములు, దంతెలు, వానిపై మన్నునై యుండును. మిద్దె కాఱినప్పుడెల్ల పైన చవుడు పోయుదురు. పాతపొరను తీయువారు అరుదు. గడచిన వేసవిలో మా పొరుగింటి అవ్వ చవుడు తోలించుకొని, “రెండంగుళాలే గదమ్మా, అదేపాటి బరువు!” అనెను. దూలమొకటి అప్పటికే వంగియుండుట చూచి మేము లెక్కకు కూర్చుంటిమి.

గది పొడవు 12 అడుగులు, వెడల్పు 10. రెండంగుళములనగా అడుగులో ఆఱవవంతు. మూటిని గుణింపగా 20 ఘనపుటడుగులు. భాస్కరాచార్యుడు 1150లో రచించిన లీలావతిలో గోతులకు చెప్పిన లెక్కయు, మా వారు బడిలో పిల్లలకు చెప్పు లెక్కయు ఇదియే. ఆ చవుటినే లీటరు డబ్బాలో దట్టించి అంగడిలో తూపింపగా కిలోన్నర తూగెను. ఘనపుటడుగునకు సుమారు 28 లీటర్లు గనుక 42 కిలోలు. ఇరువదింటికి 840 కిలోలు. అనగా 25 కిలోల బియ్యపు బస్తాలు 33కు పైగా!

పిదప తూము దగ్గఱ పుల్ల గుచ్చి చూడగా పాతమన్ను 8 అంగుళములుండెను. అది దీనికి నాలుగింతలు, 3,360 కిలోలకు తక్కువ కాదు. వాన పడినచో మన్ను త్రాగిన నీటి బరువును దానికి తోడగును. మిద్దెలు వానలో కూలుటకు ఇదియొక కారణము. అవ్వ కొంతసేపు పలుకలేదు. పిమ్మట కూలివారిని పిలిపించి, గది ఖాళీచేసి, దూలములక్రింద ఊతకఱ్ఱలు నిలిపించి, పాతమన్ను తీయించి, వంగిన దూలమును మార్పించిన తరువాతనే పలుచగా క్రొత్తచవుడు పోయించెను.

మట్టిమిద్దె లేనివారికిని ఈ లెక్క తప్పదు. 1000 లీటర్ల నీటితొట్టి నిండినచో నీరే 1000 కిలోలు. అదియు కొద్దిచోటనే మోపుకొనును. ఖాళీతొట్టిని ఇద్దఱు అవలీలగా ఎత్తిరని నమ్మరాదు. పైకెక్కించుటకు ముందే బరువు లెక్కించి, కప్పు దానిని మోయునో లేదో తెలిసిన మేస్త్రిచే చూపించుకొనుడు. ఆ కప్పుక్రిందనే మన బిడ్డలు నిదురించుచున్నారు.