చెరుకు ట్రాలీ, ఒక మాడ్, నాలుగు ఎర్రర్లు

కంప్యూటర్ గేముకి మాడ్ వెయ్యటం అంటే మన సాఫ్టువేరు వాళ్ళలో చాలామందికి పిల్లల పని. ఆఫీసులో ప్రొడక్షన్ సర్వర్ మీద ప్యాచ్ వేస్తే దాన్ని డిప్లాయ్‌మెంట్ అంటాం, చేంజ్ రిక్వెస్ట్ రాస్తాం, అర్ధరాత్రి కాల్‌లో పదిమందిమి కూర్చుంటాం. ఇంట్లో పిల్లాడు గేములో కొత్త ట్రాక్టర్ పెట్టుకుంటుంటే మాత్రం "పుస్తకం తియ్యరా" అంటాం. నిజానికి రెండూ ఒకటే పని. సిస్టం ఎవరో రాసింది. దాని సోర్స్ మన చేతిలో ఉండదు. డాక్యుమెంటేషన్ అంతంతమాత్రం. మనం పెట్టే కొత్త ముక్క దానికి నచ్చాలి, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో మనమే కనుక్కోవాలి.

మాడ్‌లని తక్కువ చేసి చూడాల్సిన పని కూడా లేదు. మన హాస్టళ్ళలో రాత్రుళ్ళు మింగేసిన కౌంటర్ స్ట్రైక్, 1999లో హాఫ్ లైఫ్ అనే గేముకి మిన్ లీ, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు చేసిన మాడ్‌గానే పుట్టింది. డోటా కూడా మొదట వార్‌క్రాఫ్ట్ 3కి మాడే. అంటే వేరొకడి గేములో వేలు పెట్టి కెలికినవాళ్ళే కొత్త గేములు పుట్టించారన్నమాట.

అసలు విషయానికొస్తే, గేము పేరు ఫార్మింగ్ సిమ్యులేటర్ 19. స్విట్జర్లాండ్‌లోని జెయింట్స్ సాఫ్ట్‌వేర్ వాళ్ళది, 2018లో వచ్చింది. ఇందులో కాల్చుకోవడాలు, పేల్చుకోవడాలు ఉండవు. దున్నాలి, విత్తాలి, కొయ్యాలి, అమ్మాలి, అప్పు తీర్చాలి. (వ్యవసాయం మానేసి ఐటీకి వచ్చినవాళ్ళం డబ్బులిచ్చి మళ్ళీ వ్యవసాయం కొనుక్కోవటం అనే వింత గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం.) ఈ సిరీస్‌లో చెరుకు పంట 2017 నవంబర్లో, అంతకుముందు గేము ప్లాటినం ఎడిషన్‌తో పాటు వచ్చింది. దక్షిణ అమెరికా నేపథ్యంగా చేసిన మాప్‌తో కలిపి ఇచ్చారు. 19లోనూ చెరుకు ఉంది.

మాకు కావలసింది ఆ చెరుకే. మాది రుద్రూర్, నిజామాబాద్ జిల్లా. బోధన్ నుంచి బాన్సువాడ పోయే దారిలో వస్తుంది. నిజాంసాగర్ నీళ్ళు, నల్ల నేలలు, ఊళ్ళో చెరుకు పరిశోధనా కేంద్రం. మా చిన్నప్పుడు పంట అంటే చెరుకే, చెరుకు అంటే బోధన్ శక్కర్ నగర్ ఫ్యాక్టరీయే. 1937లో నిజాం హయాంలో పుట్టిన ఫ్యాక్టరీ అది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళింది, 2015 డిసెంబర్లో మూతపడింది. ఆ తర్వాత ఇటువైపు చాలా పొలాలు వరికీ, సోయాకీ మారిపోయాయి.

మా అక్క కొడుకు పదో తరగతి. ఫ్యాక్టరీ మూతపడేనాటికి వాడికి ఐదేళ్ళు. గేములో వాడు ఎవరో చేసిన మన పల్లెటూరి మాప్ ఒకటి వేసుకున్నాడు. దానిలోకి మన వైపు చెరుకు ట్రాలీ ఒకటి, ఎర్ర ట్రాక్టర్ ఒకటి మాడ్‌లుగా దించుకున్నాడు. రెండూ పనిచెయ్యట్లేదు. నిరుడు దసరా సెలవులకి ఊరెళ్తే "మామా, గిదొక్కటి చూడు" అని పట్టుకున్నాడు. మా బాపు మంచం మీద కూచుని మమ్మల్ని చూస్తున్నాడు. ఆయన ముప్పై ఏళ్ళు చెరుకు పండించినవాడు.

ఎవరికైనా పనికొస్తుందని ఎర్రర్లు వరసగా చెప్తాను.

మొదటిది: మాడ్ ఫైలు ఫోల్డర్లో ఉంది, గేములో మాత్రం అసలు కనపడదు. ఇలాంటప్పుడు చాలామంది గేము తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తారు. అది తల నొప్పికి తల మార్చుకున్నట్టు. ఈ గేము ప్రతిసారీ లాగ్ డాట్ టెక్స్ట్ అనే ఫైలు రాస్తుంది. మాడ్‌ల కోసం ఏ ఫోల్డర్లో వెతుకుతోందో అందులో రాసి ఉంటుంది. చూస్తే తేలిందేంటంటే, ఆ ల్యాప్‌టాప్‌లో డాక్యుమెంట్స్ ఫోల్డర్లు రెండున్నాయి. ఒకటి మామూలుది, రెండోది క్లౌడ్‌కి కాపీ అయ్యేది. వాడు మాడ్‌లు ఒకదాంట్లో పెడుతున్నాడు, గేము రెండోదాంట్లో వెతుకుతోంది. లాగ్‌లో ఉన్న దారిని కాపీ చేసి అక్కడికే వెళ్తే ఐదు నిమిషాల పని.

రెండోది: ట్రాలీ వచ్చింది, ట్రాక్టర్ రాలేదు. లాగ్‌లో మాడ్ పేరు చెల్లదని ఎర్రర్. ఈ గేములో మాడ్ ఫైలు పేరులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే ఉండాలి, పేరు అంకెతో మొదలవకూడదు. వాడు ఒకే ఫైలు రెండుసార్లు దించాడు. రెండోసారి బ్రౌజర్ దయతలచి పేరు చివర బ్రాకెట్లలో ఒకటి అని చేర్చింది. ఆ బ్రాకెట్లు గేముకి పడవు. పేరు సరిచేస్తే ఆ ఎర్రర్ పోయింది.

పోయి, ఇంకోటి వచ్చింది. మాడ్ జిప్ ఫైలు తెరవగానే మాడ్‌డెస్క్ అనే ఎక్స్‌ఎంఎల్ ఫైలు పైనే కనపడాలి. దించిన జిప్‌లో ఫోల్డర్, ఆ ఫోల్డర్లో ఫైళ్ళు ఉన్నాయి. అలా ఉంటే గేము దాన్ని మాడ్‌గానే గుర్తించదు. ఫోల్డర్ లోపలికి వెళ్ళి, ఫైళ్ళన్నీ ఎంచుకుని, అక్కడ్నుంచి జిప్ చెయ్యాలి. బయటనుంచి ఫోల్డర్‌ని జిప్ చేస్తే మళ్ళీ మొదటికే వస్తాం. జార్ ఫైళ్ళతో కుస్తీ పట్టినవాళ్ళకి ఇది పాత చుట్టమే.

మూడోది కాస్త గట్టిది. ట్రాక్టర్ మాడ్ వెర్షన్‌ని గేము ఒప్పుకోవట్లేదు. మాడ్‌డెస్క్ ఫైల్లో డెస్క్‌వెర్షన్ అని ఒక నంబర్ ఉంటుంది. ఈ మాడ్ తర్వాతి గేముకి, అంటే 22కి చేసింది. మావాడి పాత ల్యాప్‌టాప్ 19కే ఆయాసపడుతోంది, 22 మోసే ఓపిక దానికి లేదు. "ఆ నంబర్ ఒక్కటి మారిస్తే వస్తదంట మామా" అన్నాడు వాడు. మార్చి చూపించమన్నా. మార్చాడు, లిస్టులోకి వచ్చింది. షాపులో కొనబోతే లాగ్ నిండా ఎర్రర్లు. నంబర్ మార్చినంత మాత్రాన లోపలున్న నిర్మాణం మారదు కదా. "బోర్డు మార్చినంక కిరాణం కొట్టు మందుల దుకాణమైతదా?" అన్నాడు మంచం మీదనుంచి బాపు. మా ఆర్కిటెక్ట్ కూడా ఇంత బాగా చెప్పలేదు :) 19 కోసమే చేసిన వేరే ట్రాక్టర్ వెతుక్కున్నాం. అది ఎరుపు కాదు, నీలం. సర్దుకున్నాడు.

ఇంతవరకూ వచ్చాక లాగ్ శుభ్రం. ఒక్క ఎర్రర్ లేదు. మావాడు చెరుకు నాటాడు, టైం జోరుగా తిప్పాడు, పంట ఎదిగింది. కేస్ ఐహెచ్ వాళ్ళ ఆస్టాఫ్ట్ కోత మిషన్ అద్దెకి తీసుకున్నాడు. అది ముందు నడుస్తుంటే పక్కనే ట్రాలీ నడవాలి, ముక్కలు నేరుగా ట్రాలీలో పడతాయి. బాపు లేచి వచ్చి కుర్చీలో కూచున్నాడు. ఆయన మొదటి ప్రశ్న "గడలు గట్ల ముక్కలైతే ఎండల ఎంతసేపు నిలుస్తయి?" అని.

నిజంగానే నిలవవు. చెరుకు వడ్ల లాంటిది కాదు. కోసిన దగ్గర్నుంచి గడలో పంచదార విరిగిపోవటం మొదలవుతుంది, నీరు ఆవిరై బరువు తగ్గుతుంది. ఒకటి రెండు రోజుల్లో గానుగలో పడకపోతే రైతుకీ, ఫ్యాక్టరీకీ ఇద్దరికీ నష్టమే. ముక్కలుగా కోస్తే చెడటం ఇంకా తొందర. అందుకే ఫ్యాక్టరీ కటింగ్ ఆర్డర్ ఇచ్చాకే కత్తి పెట్టేవాళ్ళు. గేములో ఆ బాధ లేదు, కోసిన చెరుకు ఏడాది ట్రాలీలో ఉన్నా చెడదు. అలాగే కోసిన మొదళ్ళనుంచి మళ్ళీ పంట వస్తూనే ఉంటుంది, ఎన్నిసార్లైనా. "పిలక పంట రెండు మూడేండ్లు వస్తది, తర్వాత దిగుబడి పడిపోతది. ఈ గేము చేసినోడు చెరుకు ఏస్తే తెలుస్తుండె" అన్నాడు బాపు.

ఇక నాలుగో ఎర్రర్. ఎర్రర్ అని పేరే గానీ లాగ్‌లో లేదు. ట్రాలీ నిండింది. మావాడు దాన్ని మాప్‌లో ఉన్న మార్కెట్ యార్డుకి తోలాడు. ట్రాలీ ఖాళీ అవదు. రైసుమిల్లుకి తోలాడు, అక్కడా అంతే. ట్రాలీ మాడ్ చెడిందేమోనని దాన్ని తీసేసి గేములోనే ఉన్న మామూలు ట్రాలీ పెట్టి చూశాడు. అదీ ఖాళీ కాలేదు. అంటే తప్పు ట్రాలీది కాదని వాడే తేల్చాడు. ఒకసారికి ఒక్కటే మార్చి చూడు అని నేను చెప్పకుండానే చేశాడు, అది నాకు నచ్చింది. అప్పుడు గేములో ధరల పేజీ తెరిపించాను. ఏ పంటని ఎవరు ఎంతకి కొంటారో అక్కడ ఉంటుంది. చెరుకు దగ్గర ఖాళీ. ఆ మాప్‌లో చెరుకు నాటొచ్చు, పెంచొచ్చు, కొయ్యొచ్చు, మొయ్యొచ్చు. కొనేవాడు లేడు.

మాప్ చేసినవాడికి చెరుకు అవసరం పడలేదు, వాడు వడ్లూ పత్తీ చూసుకున్నాడు. ప్రతి భాగం దానికది సరిగ్గానే పనిచేస్తోంది, కాబట్టి లాగ్‌లో రాయటానికి ఏమీ లేదు.

మాప్ జిప్‌ని వేరే చోట కాపీ పెట్టి (ఇది మర్చిపోవద్దు) తెరిచాం. మార్కెట్ యార్డుకి ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఉంది. దాంట్లో కొనే పంటల జాబితాలో చెరుకు చేర్చాం. ధరల పేజీలో ధర కనపడింది. మావాడు ఎగిరి గంతేసి ట్రాలీ తోలాడు. ఖాళీ కాలేదు! ఎందుకంటే ఈ మాప్‌లో ధర పెట్టే జాబితా వేరు, సరుకు దింపుకునే గుంటకి జాబితా వేరు. రెండింట్లోనూ పంట పేరు ఉండాలి.

"ధర ఉన్నది, దింపుకునేటోడు లేడు" అన్నాడు బాపు. నవ్వలేదు.

ఆయన గేము గురించి అన్నాడో లేదో నేను అడగలేదు. ధర అన్నది ఎప్పుడూ ఉంటుంది. 2024-25 సీజన్‌కి కేంద్రం చెరుకుకి 10.25 శాతం రికవరీ మీద క్వింటాలుకి 340 రూపాయలు ప్రకటించింది. దేశమంతటికీ ఒకటే ప్రకటన. పక్కన ఫ్యాక్టరీ నడుస్తున్న ఊరికీ అదే, మూతపడిన ఊరికీ అదే. నీళ్ళున్నాయి, నేలుంది, విత్తనం మీద పనిచేసే పరిశోధనా కేంద్రం ఊళ్ళోనే ఉంది, పండించటం తెలిసిన మనుషులున్నారు, ధర కూడా ఉంది. ఇందులో ఏ ఒక్కదాన్ని విడిగా పరీక్షించినా పాస్ అవుతుంది. దింపుకునే చోటు అన్న ఒక్క ఎంట్రీ పోతే మిగతాదంతా ఉత్తదే. కామారెడ్డి వైపు ఫ్యాక్టరీకి తోలొచ్చు కదా అనొచ్చు. కానీ గంటలు లెక్కపెట్టుకునే సరుకుని ఎంత దూరం తోలితే అంత కిరాయి, అంత బరువు నష్టం. గేములో డీజిల్ ఖర్చుంది గానీ చెరుకు ఎండటం లేదు కాబట్టి అక్కడ ఇది తెలియదు.

మన పనిలోనూ ఖరీదైన తప్పులు ఇలాంటివే అని నా అభిప్రాయం. పేరు తప్పైతే ఎర్రర్ వస్తుంది, వెర్షన్ తప్పైతే ఎర్రర్ వస్తుంది, వాటిని ఎవరైనా పట్టుకుంటారు. ప్రతి టీం డ్యాష్‌బోర్డు పచ్చగా ఉండి, చివర్న తయారైనదాన్ని తీసుకునేవాడే లేకపోతే ఏ లాగ్‌లోనూ రాదు. అది తెలియాలంటే సరుకు వెంబడి చివరిదాకా నడవాలి. మావాడు ట్రాలీ తోలుకుంటూ రెండు యార్డులు తిరిగాడు కాబట్టే తెలిసింది. లాగ్ చూసి ఆగిపోయుంటే "అంతా ఓకే" అని మూసేసేవాళ్ళం.

రెండో జాబితాలో కూడా చెరుకు చేర్చి, ఫైళ్ళ మధ్యలోంచే జిప్ చేసి పెట్టాక ట్రాలీ ఖాళీ అయింది. మావాడు ఆ యార్డు పేరు మార్చి బోధన్ అని పెట్టాడు. బాపు కళ్ళజోడు సవరించుకుని చూసి, "బోధన్ గాదు బిడ్డా, శక్కర్ నగర్ అని రాయి" అన్నాడు. వాడికి ఆ రెండింటికీ తేడా తెలియదు. ఎక్కడుంది, బండ్లు ఎక్కడ లైను కట్టేవి, కాంటా ఎటువైపు అని అడగటం మొదలుపెట్టాడు. బాపు చెప్తూనే ఉన్నాడు. ఫ్యాక్టరీ భవనం కూడా మాడ్‌గా చేస్తానని వాడంటున్నాడు. బొమ్మ గీయటానికి బాపు దగ్గర కొలతలు రాసుకుంటున్నాడు. పరీక్షలయ్యాక చేద్దువులే అన్నా గానీ, గట్టిగా అనలేదు.