నేర్పును నిగ్రహమును

మా యింట పేకముక్కలు నిషిద్ధములు. సంక్రాంతినాడు ఇరుగుపొరుగు పిల్లలు తురుపాట యాడుకొనుచుండగా మేము గడపలో నిలిచి చూచెడివారము. కారణము మా మాతామహుడు. ఆయన మూడుముక్కలాటలో మూడు రాత్రులలో నాలుగెకరముల మాగాణిని పోగొట్టుకొనెను. నాలుగవనాటి యుదయమున మా అమ్మమ్మ పేకను పొయ్యిలో వైచి, ఆ మంటమీదనే కాఫీ కాచి ఆయనకిచ్చినదని మాతల్లి చెప్పుచుండును. 1998వ సంవత్సరమున నేను అమెరికాకు బయలుదేరునపుడు మాతల్లి నాచేత రెండు ప్రమాణములు చేయించుకొనెను. ప్రతి యాదివారము తనతో మాటలాడవలెననునది యొకటి. డబ్బొడ్డి పేక ముట్టరాదనునది రెండవది.

మొదటిదానిని ఇరువదియైదేండ్లకు మించి నిలుపుకొంటిని. రెండవదానిని తర్కముచే జయించితిని. చదువుకొన్నవాడు ప్రమాణమును మీఱునపుడు మీఱితినని యొప్పుకొనడు. దానికి క్రొత్త యర్థము చెప్పును. నేను చెప్పుకొన్న యర్థమిది: తాత యాడినది జూదము; నేనాడునది గణితము.

ఈ వాదము వట్టి బొంకు కాదు. కొంత నిజము కలది కావుననే మఱింత యపాయకరము. పోకరాటలో నేడు మిక్కిలి వ్యాపించియున్న టెక్సాస్ హోల్డెమ్ అను పద్ధతిని చూడుడు. ఒక్కొక్కనికి రెండు ముక్కలు మఱుగుగా పంచుదురు. పిదప నైదు ముక్కలు బల్లపై నందఱకు నుమ్మడిగా విప్పుదురు. ఈ యేడింటిలో మేలైన యైదింటి కూర్పు కలవాడు పందెపురాశిని గొనును. నడుమ నాలుగుమాఱులు పందెములొడ్డుట కవకాశము కలదు. వలదనుకొన్నవాడు ముక్కలు పడవేసి తప్పుకొనవచ్చును. 52 ముక్కలనుండి రెండేసి తీసిన 1,326 జతలగును. వానిలో రెండాసులు చేతికి వచ్చుట 221 పంపకములలో నొక్కసారి. రాశిలో వేయి యుండగా నెదుటివాడు ఐదువందలొడ్డెననుకొందము. నేను ఐదువందలిచ్చి పదునైదువందలు గెలువజూచుచున్నాను. నూటికి ఇరువదియైదు సారులకంటె నెక్కువగా గెలుతునేని సరిపందెమిచ్చుట లాభము, లేనియెడల నష్టము. ఒకే జాతి ముక్కలు నాలుగుంచుకొని యైదవదానికై కాచుకొన్నవానికి, ఇంక నొక్క ముక్కయే రావలసియున్నచో, అది నూటికి ఇరువది సారులకు మించి దొరకదు. కావున నతడు తప్పుకొనవలెను. ఇట్టి లెక్కలు నేర్చినవాడు నేర్వనివానిపై, ఒక్క రాత్రిలో కాకున్నను నూఱు రాత్రులలో, తప్పక గెలుచును.

మన పూర్వులీ గణితమెఱుగనివారు కారు. భారతములో ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులను కాయలను చూచినంతనే లెక్కగట్టి, ఆ నేర్పునకు మూలమైన అక్షహృదయమును నలునకుపదేశించెను. నలుడు దానితో పుష్కరుని గెలిచి రాజ్యమును మరల గొనెను. నన్ను నేను నలునిగా భావించుకొంటిని. నలుడా విద్యతో నొక్క పందెము మాత్రమే యాడి లేచెనను సంగతి నాకప్పుడు స్ఫురింపలేదు.

నా తర్కమునకు రెండవ యూతకోల టోర్నమెంటు. సామాన్యపు జూదములో చేయి జేబులోనికి ఎంత లోతునకైనను పోవును. టోర్నమెంటులో నట్లు కాదు. మొదటనే ప్రవేశరుసుము చెల్లింతుము. ఇంతపాళ్లు శాలవారు తీసుకొందురు. మిగిలినది బహుమతుల నిధి. అందఱకును సమానముగా బిళ్లలిత్తురు. అవి ధనము కావు, అయిపోయిన లేచిపోవలసినదే. గడియకొకమాఱు నిర్బంధపందెములను పెంచుచుందురు గనుక ఎవడును కడవఱకు ముక్కలు పడవేయుచు కూర్చుండలేడు. లాస్ వేగాస్ నగరమున బెన్నీ బినియన్ అను జూదశాల యజమానుడు 1970లో నారంభించిన ప్రపంచ పోకరు పోటీలు ఈ పద్ధతికి పేరుదెచ్చినవి. 2003లో క్రిస్ మనీమేకర్ అను నొక గణకుడు, స్వల్పరుసుముతో నంతర్జాలమున నర్హత సంపాదించి, 839 మందిలో గెలిచి 25 లక్షల డాలర్లు గొనెను. అది మొదలు ప్రతి గుమాస్తాయు, ప్రతి యుపాధ్యాయుడును తానును గెలువవచ్చునని తలచెను. 2024లో ఆ ప్రధానపోటీకి 10,112 మంది వచ్చిరి. నావంటివారి లెక్కలకీ యభ్యాసకుల సమూహమే పంటపొలము.

2024వ సంవత్సరమున నొక శనివారము, కార్యాలయపు పనిమీద లాస్ వేగాస్ వెళ్లినవాడను, రాత్రి యేడుగంటలకు నొక శాలలోని చిన్న టోర్నమెంటున కూర్చుంటిని. రుసుము 150 డాలర్లు. అఱువదిమందికి కొంచెము పైబడి చేరిరి. నా బల్లయొద్ద నొక దంతవైద్యుడు, సెలవుపై వచ్చిన సైనికుడొకడు, నీటిగొట్టములు బాగుచేయు అన్నదమ్ములిద్దఱు, వెనుక నిలిచిన భార్యవైపు మాటిమాటికి తిరిగి చూచు క్రొత్త పెండ్లికొడుకొకడు, బడిపిల్లల బస్సు నడిపి విశ్రాంతి గొన్న యొక వృద్ధురాలును ఉండిరి. అరగంటలో వారందఱును వేడుకకు వచ్చినవారని తెలిసికొంటిని.

ఇట్టివారితో నాడునపుడు పాటింపవలసిన నీతి యొకటి కలదు. వారు ముక్కలు పడవేయుటకు వచ్చినవారు కారు, ఆడుటకు వచ్చినవారు. నిపుణునిముందు పెద్దపందెమొడ్డి బెదరింపవచ్చును. వాడు మన పందెములో నొక కథ చదివి భయపడును. వీరు కథ వినరు. తమ చేతనున్న రెండు ముక్కలను మాత్రమే చూచుకొని 'ఏమున్నదో చూతము' అని సరిపందెమిత్తురు. వినువాడు లేనిచోట బొంకుట వృథా. కావున మంచిముక్కలకై యోపికతో కాచుకొని, అవి వచ్చినపుడు వెనుదీయక పందెము పెంచుటయే మార్గము. నేనట్లే చేసితిని. మొదటి గంటలో నా బిళ్లలు ఇరువదివేలనుండి ఇరువదియాఱువేలైనవి. వారు నవ్వుచుండిరి, ఒండొరుల యూళ్లను గూర్చి యడుగుకొనుచుండిరి. నేను మాటలాడలేదు. వారి నవ్వు నాకజ్ఞానముగా దోచెను.

అప్పుడు నాకు రెండాసులు వచ్చినవి. పందెము నాలుగింతలు పెంచితిని. నలుగురు వెంటవచ్చిరి. ఒక్కనిపై రెండాసులు నూటికి 85 సారులు గెలుచును. ఎట్టి ముక్కలైనను పట్టుకొని నలుగురు వెంటవచ్చిన నది సుమారు 56కు దిగును. ఈ లెక్కయు నెఱుగుదును. అయినను ఆసులు చేతనున్నపుడు లెక్క కంటికానదు. బల్లపై ఎనిమిది, ఏడు, రెండు పడినవి. నేనొడ్డితిని, వృద్ధురాలు తన బిళ్లలన్నియు ముందునకు త్రోసెను, నేనును త్రోసితిని. ఆమె విప్పినది ఆటీను ఎనిమిదియు ఆటీను ఏడును. తరువాత వచ్చిన రెండు ముక్కలును నాకు తోడ్పడలేదు. ఆమె బిళ్లలు నావానికంటె నెక్కువ యగుటచే నాయాట ముగిసెను.

"మన్నింపుము నాయనా, రెండును ఎఱ్ఱగా నందముగా కనబడినవి" అని యామె మనస్ఫూర్తిగా చెప్పెను. నేను మర్యాదకు నవ్వి లేచితిని. ఆ ముక్కలతో నంతపందెమునకు వచ్చుట యవివేకమని లోలోన తీర్పు చెప్పుకొంటిని. ఆ తీర్పు తప్పుకాదు. దాని తరువాత నేను చేసిన పనియే తప్పు.

ఆ శాలలో మరల ప్రవేశించుటకు రాత్రి తొమ్మిదిన్నరవఱకు గడువుండెను. ఇది నేటి టోర్నమెంటులలో సామాన్యముగా నున్న యాచారము: బిళ్లలు పోయినవాడు మరల రుసుము చెల్లించి క్రొత్త బిళ్లలు గొనవచ్చును. నష్టమునకు హద్దు కలదని నేను మెచ్చుకొన్న గోడకు వారే యొక తలుపు పెట్టియుంచిరి. నేనా తలుపు త్రోసితిని. 'ఈ బల్లయొద్ద నేర్చినవాడను నేనొక్కడనే. ఇట్టి పొలము విడిచిపోవుట గణితవిరుద్ధము' అని నాలోని నలుడు బోధించెను. రెండవమాఱు కూర్చుండి యోపిక కోల్పోయి, ముప్పావుగంటలో నూడ్చుకొనిపోయితిని.

బల్లనుండి లేచుచుండగా వృద్ధురాలును తన బిళ్లలు పోగొట్టుకొని లేచెను. చేతిసంచిలోనుండి యొక కాగితపు కవరు తీసి నాకు చూపెను. "ప్రతినెలయు నిందులో నూటయేబది వైచుకొందును. ఇది ఖాళీ. ఇంటికి పోయి కుక్కకు తిండి పెట్టవలెను" అనెను. ఆమె ముఖమున వచ్చినప్పటి సంతోషమే యుండెను. నేను వాకిలివఱకు కలిసి నడిచి, ఆమె వెడలినంతనే రుసుము చెల్లించు కిటికీవైపు తిరిగితిని.

అప్పుడే జేబులో ఫోను మ్రోగెను. అచ్చట శనివారము రాత్రి తొమ్మిది. మాయూర నాదివారముదయము తొమ్మిదిన్నర. మాతల్లి. "నాయనా, తింటివా? ఎచ్చటనున్నావు? ఏదో సందడి వినబడుచున్నది" అని యడిగెను. "ఆఫీసువారి విందు అమ్మా, రేపు మాటలాడుదును" అని చెప్పి, ఎడమచేతితో ఫోనుంచుకొనియే కుడిచేతితో మూడవ రుసుము చెల్లించితిని.

మూడవమాఱు ముక్కలు కలిసివచ్చినవి. అర్ధరాత్రి దాటిన పిదప ఏడవస్థానమున ముగించితిని. 280 డాలర్లు బహుమతి. దంతవైద్యుడు నా చేయిపట్టి యభినందించెను. నా భార్యకు 'పోటీలో బహుమతి వచ్చినది' అని సందేశము పంపితిని. చెల్లించినది 450 అనియు, నూటడెబ్బది పోయినదనియు వ్రాయలేదు. జూదరి లెక్క యిట్లే యుండును: వచ్చినది జ్ఞాపకముంచుకొనును, ఇచ్చినది మఱచును. సంభావ్యతను దశాంశములతో చెప్పగల నేను కూడిక తీసివేతలయొద్ద తప్పితిని.

సొమ్ము స్వల్పమే. అది నన్ను బాధింపలేదు. ఫోనుంచుకొన్న చేయియు, రుసుము చెల్లించిన చేయియు నా కన్నులయెదుటనుండి పోలేదు. రెండు వారములైన పిదప నాదివారమున నున్నదున్నట్లు మాతల్లికి చెప్పివేసితిని. చెప్పుచు, అలవాటుచొప్పున వాదించితిని గూడ: "తాతవలె నేను తెలియక యాడలేదమ్మా. నాకు లెక్కలు తెలియును."

ఆమె కొంతసేపూరకుండి, "మా నాయనకు తెలియదని నీకెవరు చెప్పిరి?" అనెను. "చుట్టుప్రక్కల నాలుగూళ్లలో ఆయనకంటె నాటగాడు లేడు. ఎదుటివాని చేతనేమున్నదో ముఖము చూచి చెప్పెడివాడు. మొదటిరాత్రి ఆయనయే గెలిచెను. చేతకానివాడు భయపడి తొందరగా లేచును నాయనా, చేతనైనవాడే లేవలేడు."

చదువరులారా, నేను బాల్యమునుండి విన్న కథలో తాత మూఢుడు. అట్లు కల్పించుకొనుట మాకు సుఖముగా నుండెను. మేము మూఢులము కాముగనుక మాకా గతి పట్టదని నమ్మితిమి. ఆయన నేర్పరి యని తెలిసినంతనే నా తర్కమంతయు కూలెను. నేర్పే ఆయనను మూడురాత్రులు కూర్చుండబెట్టెను. నా నేర్పే నన్ను మూడుమాఱులు కూర్చుండబెట్టెను.

మన న్యాయస్థానములు జూదమును విచారించునపుడు నేర్పా, అదృష్టమా యని ప్రశ్నించుచుండును. సికిందరాబాదులోని యొక క్లబ్బును గూర్చిన వ్యాజ్యమున 1967లో సుప్రీముకోర్టు, రమ్మీ ప్రధానముగా నేర్పుతో కూడిన యాట యనియు, మూడుముక్కలాటవలె కేవలమదృష్టము కాదనియు తీర్మానించెను. అంతర్జాలమున డబ్బుపెట్టి యాడు రమ్మీని తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను శాసనముచే నిషేధించినవి. 2025లో కేంద్రప్రభుత్వము చేసిన శాసనము అంతర్జాలమున ధనమొడ్డి యాడు ఆటలను, నేర్పువియైనను అదృష్టమువియైనను, భేదములేక నిషేధించెను. శాసనములు చేయగలిగినది చేయవచ్చును. కాని గృహములలో మనము వేసికొనవలసిన ప్రశ్న వేఱు: ఈ యాటనుండి నేను ముందనుకొన్న వేళకు లేవగలనా? కవరు ఖాళీయైనపుడు ఇంటికి పోగలిగిన వృద్ధురాలికి ఎనిమిది యేడు ముక్కల విలువ తెలియకపోయినను హాని లేదు. అన్ని విలువలు తెలిసియు కవరు లేనివానికి ఆ తెలివియే యుచ్చు.

కావున పిల్లలకు పేకను దాచి, తాతను మూఢునిగా చిత్రించి భయపెట్టుట చాలదు. తెలివిగలవారే యెక్కువగా చిక్కుదురని, నష్టపుహద్దు కూర్చుండుటకు ముందే కాగితముపై వ్రాసికొనవలెనని, తిరిగి ప్రవేశించుటకు తలుపు తెఱచియుంచిన చోట హద్దే లేదని, గెలుపుతోపాటు చెల్లింపును గూడ ఇంటివారికి చెప్పనివాడు అప్పటికే యోడిపోయినాడని చెప్పవలెను. నా కుమారునకు నేనీ కథ తాతగారి కథగా కాక నా కథగానే చెప్పితిని.

మాతల్లి నాచేత మరల ప్రమాణము చేయించుకొనలేదు. "ప్రమాణము వలదు. ఆదివారము ఫోనెత్తగానే ఆడితివో లేదో చెప్పుము, ఆడితివేని ఎంత పోయినదో చెప్పుము" అనెను. నాటినుండి క్షేమసమాచారములకంటె ముందా ప్రశ్నయే వచ్చుచున్నది. ఇప్పటివఱకు లేదనియే చెప్పుచున్నాను, నిజమునే చెప్పుచున్నాను.