ఎనిమోనీ వచ్చిన నెల

నవంబరు 8

సాయంత్రం ఉప్పునీటి చేపల ట్యాంకు నీళ్లు పరీక్షించాను. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 5 పీపీఎం, ఉప్పునీటి సాంద్రత 1.025, వేడి 26 డిగ్రీలు. వేసవి నుంచీ ఈ అంకెలు కదల్లేదు. ఎనిమోనీ ఇస్తానన్న మాస్టారికి ఫోన్ చేసి చదివి వినిపించాను. "అయితే వచ్చి తీసుకెళ్లమ్మా" అన్నారు.

వాళ్లింట్లో బబుల్‌టిప్ ఎనిమోనీ అనే సముద్రజీవి వానాకాలంలో రెండుగా చీలింది. ఆ జాతి పెరిగే తీరుల్లో అదొకటి. ఒళ్లు సాగి సాగి మధ్యకు చీలుతుంది, ఏ ముక్కకాముక్క గాయం మాన్పుకుని పూర్తి జీవి అవుతుంది. అందులో ఒకటి నాకు. కొన్నాళ్లు ఆలస్యమైనా ఇలాంటిదే కావాలని పట్టుబట్టాను. దుకాణాల్లోకి వచ్చేవాటిలో చాలా భాగం సముద్రంలో రాతి మీంచి పీకినవే. పీకేటప్పుడు పాదం చిరిగితే కోలుకోవడం కష్టం. అంతకన్నా ఘోరం, పాలిపోయినవాటికి రంగులద్ది అమ్మడం. చూడ్డానికి నిగనిగలాడే పసుపు. ఒంట్లో ఉండాల్సిన నాచు పోయి ఉంటుంది, అది ఆకలితో మెల్లగా పోతున్న జీవి.

దాని బతుకంతా ఆ నాచులోనే ఉంది. కంటికి కనపడనంత చిన్న నాచు దాని కండలోనే కాపురముంటుంది. వెలుతురు తాగి చక్కెర తయారుచేసి, అందులో వాటా దానికిస్తుంది. నీళ్లు వేడెక్కితే ఆ పొత్తు చెడుతుంది. లక్షదీవుల్లో 1998లో, 2010లో, 2016లో పగడాలు తెల్లబడింది ఇలాగే. విశాఖ మే నెలలో నీళ్లు చల్లబరిచే చిల్లర్ లేని ట్యాంకు 31 డిగ్రీలు దాటుతుంది. అందుకే చిల్లర్ కొన్నాకే ఎనిమోనీ మాట ఎత్తాను.

పగడం మాత్రం మా ట్యాంకులో లేదు, ఉండదు. వన్యప్రాణి చట్టం కింద 2001లో వాటికి పులితో సమానంగా రక్షణ ఇచ్చారు. నా ట్యాంకులో ఉన్నవి సిరామిక్ రాళ్లు. ఏడాది దాటేసరికి వాటి మీద ఊదారంగు నాచు పొర పట్టింది.

నవంబరు 15

ఆటు సమయానికి తెన్నేటి పార్కు కింద రాళ్ల దగ్గరికి మావాణ్ని తీసుకెళ్లాను. నీళ్లు తీసిపోయిన చోట ఎనిమోనీలు ముడుచుకుని, ఒంటి నిండా ఇసుకా గవ్వ ముక్కలూ అతికించుకుని గడ్డల్లా ఉన్నాయి. పక్కనే గుంటలో నీళ్లున్నచోట అదే జీవి చేతులన్నీ చాచింది. "ఒకటి పట్టుకెళ్దామా అమ్మా?" అన్నాడు. వద్దన్నాను. ఎండా వానా, ఆటూ పోటూ అన్నీ ఓర్చుకుని ఆ రాతిని పట్టుకున్న ప్రాణిని గోళ్లతో గీకి తేవడం నాకు చేతకాదు. కాసేపు కూర్చుని చూసి వచ్చాం.

దారిలో మరో ప్రశ్న: "ఎన్నాళ్లు బతుకుతుంది?"

స్కాట్లాండులో సర్ జాన్ డాలియెల్ అనే ఆయన 1828లో నార్త్ బెరిక్ తీరంలో ఒక ఎనిమోనీని పట్టి గాజు జాడీలో పెంచాడు. ఆయన 1851లో పోయాడు. అది పోలేదు. చేతులు మారుతూ ఎడింబరోలో 1887 దాకా బతికింది. 'గ్రానీ' అని పిలిచేవారు, అంటే అమ్మమ్మ. పంపు లేదు, దీపం లేదు, విసుగు లేకుండా సముద్రపు నీళ్లు మార్చిన మనుషులున్నారు, అంతే. ఇది విని మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే నేను పెద్దయ్యాక నాకిస్తావా?" అన్నాడు. ఇస్తానన్నాను. మాట ఇచ్చాను గనక ఇక్కడ రాసిపెడుతున్నాను.

నవంబరు 22

నీళ్లు కదిలించే వేవ్‌మేకర్లు రెండింటికీ స్పాంజి తొడుగులు బిగించాను. పంపు నీళ్లు పీల్చుకునే చోట కూడా జాలీ కట్టాను. కొత్తగా వచ్చిన ఎనిమోనీ కుదురుగా ఉండదు, చోటు వెతుక్కుంటూ తిరుగుతుంది. తిరుగుతూ ఫ్యాను రెక్కల్లో పడితే ముక్కలవుతుంది, ఆ ముక్కలు కుళ్లి చేపల్ని కూడా చంపుతాయి. ఈ పని దాన్ని తెచ్చాక చేద్దామనుకునేది కాదు.

కరెంటు సంగతి కూడా చూశాను. హుద్‌హుద్ తుఫాను వచ్చిన 2014 అక్టోబరులో ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. ఇప్పుడు ఒక వేవ్‌మేకర్‌ను ఇన్వర్టరుకు కలిపాను. బ్యాటరీతో నడిచే గాలిపంపు వేరుగా ఉంది. నీళ్లు కదులుతుంటే ప్రాణవాయువు అందుతుంది, దీపం లేకపోయినా రెండు మూడు రోజులు ఓర్చుకుంటాయి.

నవంబరు 23

వచ్చింది. మాస్టారు దాన్ని అది పట్టుకున్న చిన్న రాతితో సహా ఇచ్చారు. ఇంతకన్నా మంచి పద్ధతి లేదు, పాదానికి గోరు కూడా తగల్లేదు. నోరు బిగువుగా మూసుకుని ఉంది, చేతులు వేలికి జిగటగా అంటుకుంటున్నాయి. రెండూ ఆరోగ్య లక్షణాలే. రంగు గోధుమ, అంచుల్లో లేత ఆకుపచ్చ.

బకెట్లో దాని నీళ్లతోనే ఉంచి, సన్నని గొట్టానికి ముడివేసి ట్యాంకు నీళ్లు చుక్కచుక్కగా వదిలాను. గంటన్నర పట్టింది. తేడా కొంచెమే ఉన్నా తొందరపడకూడదు. దాని ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే, ఉప్పు ఒక్కసారిగా మారితే తట్టుకోలేదు. తర్వాత దీపాలు తగ్గించి, వేవ్‌మేకర్లు ఆపి, గ్లవ్స్ వేసుకుని రాతిని ఒక నెర్రె పక్కన పెట్టాను. బకెట్ నీళ్లు ట్యాంకులో పోయలేదు. అరగంటయ్యాక పంపులు నెమ్మదిగా నడిపాను.

నవంబరు 24

పొద్దున రాయి ఖాళీ. మావారు కంగారుపడి టార్చి తెచ్చారు. వెనక పక్క రాళ్ల మధ్య నీడలో, సగం ముడుచుకుని ఉంది. తీసి ముందుకు పెడదామా అన్నారు. వద్దండీ, అన్నాను. పాదానికి పట్టూ, చేతులకు వెలుతురూ ఒకేచోట దొరికేదాకా అది నడుస్తుంది. మనం లాగిన ప్రతిసారీ ఆ వెతుకులాట మళ్లీ మొదలు. చూడ్డానికి బాగుండే చోటు మన అవసరం, దానిది కాదు.

నవంబరు 28

రాత్రి బాగా కుంచించుకుపోయి నోట్లోంచి గోధుమరంగు జిగురు కక్కింది. తినడానికీ విసర్జనకీ దానికి ఒకటే ద్వారం. పాత నీళ్లు వదిలి కొత్త నీళ్లు నింపుకోవడానికి ముడుచుకోవడం మామూలే. నోరు తెరిచేసి, లోపలి పేగులాంటిది బయటికొచ్చి, దుర్వాసన వేస్తేనే భయపడాలి. తెల్లారేసరికి పళ్లెమంత విప్పుకుంది. చేతుల కొసల్లో బుడగలు కూడా వచ్చాయి. వెనక నుంచి ఎక్కి, పై రాతి నెర్రెలో పాదం దించింది. అక్కడే ఉంటుందనిపిస్తోంది.

డిసెంబరు 6

తొలి భోజనం. జాలారిపేట నుంచి వచ్చే పాపమ్మ దగ్గర పచ్చిరొయ్య ఒకటి తీసుకుని, చిటికెనవేలి గోరంత ముక్క కోశాను. "ఇంత చిన్న ముక్క ఎవరికమ్మా?" అంది. లోపలికి తీసుకెళ్లి చూపించాను. చేతులు మూసుకుని ముక్క నోట్లోకి చేరేదాకా నిలబడి చూసింది. "రాళ్ల కాడ రోజూ చూస్తాం గానీ ఇది తినడం నేనెప్పుడూ చూణ్నేదమ్మా" అంది.

వారానికొక ముక్క చాలు. ఎక్కువ పెడితే మళ్లీ కక్కుతుంది, నీళ్లు చెడతాయి. ఆవిరైన నీళ్ల బదులు ఆర్‌వో నీళ్లే పోయాలి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు ట్యాంకులోనే ఉంటుంది.

డిసెంబరు 21

చూడవచ్చిన వాళ్లందరిదీ ఒకే ప్రశ్న, నీమో చేపలు అందులో ఎందుకు దూరడం లేదని. వాళ్లు నీమోలనే మా రెండు ఆసెల్లారిస్ చేపలూ హేచరీలో పుట్టినవి, ఎనిమోనీని మునుపు చూడలేదు. పైగా సముద్రంలో వాటి జత ఇది కాదు. ఆతిథ్యమిచ్చే ఎనిమోనీలు పది జాతులుంటే, ఆసెల్లారిస్ మూడింట్లోనే కాపురముంటుంది, బబుల్‌టిప్ ఆ మూడింట్లో లేదు. ట్యాంకుల్లో చాలాసార్లు చేరతాయి, కొన్ని ఎప్పటికీ చేరవు. చేరకపోతే లోటేమీ లేదు. చేప కోసమే ఎనిమోనీని తెచ్చేవాళ్లు, చేప రాకపోతే దాన్ని పట్టించుకోవడం మానేస్తారు. అది నాకు నచ్చదు. చేప ఉన్నా లేకపోయినా దానికి వెలుతురూ, నిలకడగల నీళ్లూ ఇవ్వాల్సిందే.

ఇదీ ఒకనాడు చీలుతుంది. ఆ ముక్క కావాలని ఎవరొచ్చినా ముందు వాళ్ల నీళ్ల అంకెలు అడుగుతాను. ట్యాంకుకు ఏడాది నిండినవాళ్లకే ఇస్తాను, రాతితో సహా ఇస్తాను, డబ్బు తీసుకోను.