ముందు ఫొటోలు... తర్వాతే విండోస్!

ఇల్లు మారడమంటే సామాన్లు మోయడం ఒక్కటే కాదు. గ్యాసు ఏజెన్సీ, పాలవాడు, పేపరబ్బాయి... అందరికీ కొత్త చిరునామా చెప్పాలి. విండోస్‌ని పాత హార్డ్‌డిస్క్ నుంచి కొత్తదానికి మార్చడమూ అంతే!

రిటైరైన ఓ లెక్కల మాస్టారికి ఆ సంగతి తెలియదు. ఎనిమిదేళ్ల నాటి ఆయన కంప్యూటర్‌లో డిస్కు టక్‌టక్‌మంటోంది. కొత్త డిస్కు కొని, సి డ్రైవ్‌లోని ఫోల్డర్లన్నీ అందులోకి కాపీ చేశారు. కొన్ని ఫైళ్లు ససేమిరా కదలలేదు. పోనీలెమ్మని కొత్తదాన్ని బిగించి ఆన్ చేస్తే... నల్లటి తెర!

ఎందుకలా? విండోస్‌ని నిద్రలేపే చిన్న ప్రోగ్రాం మామూలుగా మన కంటికి కనిపించని వేరే పార్టిషన్‌లో ఉంటుంది. ఫోల్డర్లు కాపీ చేస్తే అది రాదు. రిజిస్ట్రీ లాంటి కీలకమైన ఫైళ్లనేమో, నడుస్తున్నంతసేపూ విండోస్ తన గుప్పిట్లోనే ఉంచుకుంటుంది. అందుకే డిస్కుని పార్టిషన్లతో సహా అచ్చుగుద్దినట్టు దించే ‘క్లోనింగ్’ కావాలి. క్లోనెజిల్లా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. అప్పుడు విండోస్ అడ్డురాదు.

ఫోన్లో ఇదంతా విన్న కూతురు ఒక్కటే అడిగింది.

‘నాన్నా, అమ్మ ఫొటోలు వేరేచోట దాచారా?’

మాస్టారు మాట్లాడలేదు. భార్య చివరి పుట్టినరోజు వీడియో ఆ పాత డిస్కులోని డి డ్రైవ్‌లో తప్ప మరెక్కడా లేదు.

టక్‌టక్ చప్పుడు మంచి శకునం కాదు. క్లోనింగ్ అంటే డిస్కుని గంటల తరబడి చదివించడం. ఆయాసపడే మనిషిని కొండెక్కించినట్టే. మధ్యలో ఆగిపోతే అన్నీ పోవచ్చు. అలాగని ఫొటోలు కొత్త డిస్కులో పెట్టినా లాభం లేదు, క్లోనింగ్ ముందుగా దాన్నే తుడిచేస్తుంది. ఆ రాత్రి మాస్టారు వీడియోలు, ఫొటోలు విడిగా మరో ఎక్స్‌టర్నల్ డిస్కులో భద్రం చేశారు. మర్నాడే క్లోనింగ్.

ఇక్కడా ఓ జాగ్రత్త ఉంది. ఏది పాతది, ఏది కొత్తది అన్నది ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. తారుమారైతే ఖాళీ డిస్కే పాతదాని మీద అచ్చవుతుంది! కొత్తది పాతదానికన్నా చిన్నది కాకుంటే తిప్పలుండవు. పనయ్యాక పాతదాని వైరు తీసి, కొత్తదాంతో ఆన్ చేయాలి. అన్నీ సరిగ్గా ఉన్నా, పాతదాన్ని కొన్నాళ్లు బీరువాలో ఉంచడమే మేలు.

విండోస్ పోతే మళ్లీ వేసుకోవచ్చు. ఒక్కచోటే దాచుకున్న వీడియో పోతే..? మీ ఇంట్లో అలాంటిది ఏముందో ఈ ఆదివారమే ఓసారి చూడండి.