ఆరని నిప్పు దగ్గర ఆఖరి రోజు

ఉదయం ఆరున్నరకే ఆయన స్వెట్టర్ వేసుకుని గది బయట నిలబడ్డారు. ఆమె ఇంకా మోకాళ్లకు నొప్పుల మందు రాసుకుంటోంది. "ఫస్ట్ షిఫ్టుకు ఆలస్యమైనట్టు ఆ తొందరేమిటండీ?" అంది. భిలాయ్ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర 36 ఏళ్లు పనిచేసిన మనిషికి సెలవు రోజున కూడా గడియారం మీదే ధ్యాస.

తొందరకు కారణం లేకపోలేదు. జపాన్‌లోని మియాజిమా దీవిలో వారికి మిగిలింది ఆ ఒక్క రోజే. మర్నాడు పొద్దున్నే పడవెక్కితే పది నిమిషాల్లో అవతలి ఒడ్డు, అక్కడి నుంచి రైళ్లు మారి ఒసాకా, రాత్రికి విమానం. అది 2023 నవంబరు. కొండంతా మేపుల్ ఆకులతో ఎర్రబడి ఉంది. ఆయనకు 63, ఆమెకు 59. పెళ్లయిన 35 ఏళ్లలో ఇద్దరూ కలిసి చేసిన అసలైన విహారయాత్ర ఇదొక్కటే. అంతకు ముందు సెలవు దొరికితే శ్రీకాకుళంలో పెళ్లిళ్లు, కర్మకాండలు, పొలం గొడవలు, అంతే.

ఒసాకాలో ఉద్యోగం చేస్తున్న కొడుకు టికెట్లు కొని రప్పించాడు. వారిద్దరినీ దీవికి పంపుతూ, "నాన్నా, అక్కడైనా అమ్మకు ఏదో ఒకటి చెప్పండి" అన్నాడు. తేలాల్సిన విషయం ఒకటుంది. ఆయన 2020లో రిటైరయ్యాక కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి, రిసాలిలోనే ఒక అద్దె ఇంట్లోకి మారారు. రెండు నెలలు ఉండి విశాఖపట్నం వెళ్లిపోదామన్నది ఒప్పందం. మూడేళ్లు గడిచాయి. ఆమె అడిగినప్పుడల్లా "చూద్దాం" అనడం ఆయనకు అలవాటైంది. ఈసారి ఆమె గడువు పెట్టింది, విమానం ఎక్కేలోగా చెప్పాలని.

జపాన్ పేరు ఆమె వినడం ఇది మొదటిసారి కాదు. పుట్టిల్లు శృంగవరపుకోట. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు అమ్మేందుకు 1960లో ఒప్పందం కుదిరింది. ఆ ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికే కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం వేశారు. చిన్నప్పుడు ఎర్రమట్టి నింపుకున్న గూడ్సు బండి ఊరి మీదుగా పోతుంటే పిల్లలు పెట్టెలు లెక్కపెట్టేవారు. "ఇదంతా ఎక్కడికెళ్తుంది నాన్నా?" అంటే, "జపాను" అనేవారు తండ్రి. ఆ జపాన్‌కు తను వస్తానని అప్పుడెవరనుకున్నారు? పెళ్లయి చేరింది కూడా మరో ఎర్రమట్టి ఊరికే. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందంతో కట్టిన భిలాయ్ కర్మాగారానికి ఖనిజం వచ్చేది దల్లీ-రాజహరా నుంచి.

బస దాటి రేవు వైపు వచ్చేసరికి సముద్రం వెనక్కి తగ్గి ఉంది. పోటు వేళ నీళ్లలో తేలుతున్నట్టు కనిపించే ఇత్సుకుషిమా ఆలయ మహాద్వారం దగ్గరికి ఆటు సమయంలో నడిచి వెళ్లొచ్చు. కర్పూర వృక్షాల దుంగలతో 1875లో నిలబెట్టిన ఈ ద్వారం ఎత్తు సుమారు 16 మీటర్లు. ఆయన వంగి, స్తంభం అడుగున నాచు పట్టిన చోట కాసేపు పరీక్షగా చూశారు. ఆ స్తంభాలను భూమిలో లోతుగా పాతలేదు. పైదూలంలో రాళ్లు నింపి, ఆ బరువుతోనే ద్వారాన్ని నిలబెట్టారు. "చూశావా, పాతకపోయినా కదలదు" అన్నారాయన, తన డిపార్ట్‌మెంట్ వాళ్లే కట్టినంత గర్వంగా. "మనల్నీ రిసాలిలో ఎవరూ పాతలేదు, అయినా కదలట్లేదుగా" అంది ఆమె. ఆయన కెమెరా తీశారు.

పక్కనే దైగాంజి గుడిలో బెంజైతెన్ దేవత. చేతిలో వీణలాంటి వాయిద్యం ఉండే ఈ దేవత మన సరస్వతే. బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాన్ చేరింది. ఆమె చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుంది. ఇంత దూరం వచ్చి స్థిరపడిన తల్లికి లేని ఇబ్బంది మనకెందుకని ఆయన వాదన. "ఆవిడ వెనక మొగుడి షిఫ్టులు లేవు" అన్నది జవాబు.

ఆ మాటలో వేళాకోళం కొంత, నిజం చాలా. బ్లాస్ట్ ఫర్నేస్‌ను ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి ఆపరు. పై నుంచి ఖనిజం, కోక్, సున్నపురాయి పడుతూనే ఉండాలి, కింద నుంచి వేడిగాలి కొడుతూనే ఉండాలి, దాదాపు 1,500 డిగ్రీల దగ్గర కరిగిన ఇనుము రోజుకు పలుమార్లు బయటికి రావాలి. దీపావళి అని, సంక్రాంతి అని అది ఆగదు. కూతురు పుట్టినప్పుడు ఆయన నైట్ షిఫ్టులో ఉన్నారు. ఆదివారాలు పిల్లల్ని మైత్రీబాగ్‌కు తీసుకెళ్లి తెల్లపులిని చూపించింది ఆమే. ఆయన పగలు నిద్రపోతుంటే పిల్లలు అల్లరి చేయకుండా వీధిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టిందీ ఆమే.

దీవి గురించి బసలో ఇచ్చిన కాగితం చదివినప్పటి నుంచి మరో సంగతి ఆమె మనసులో తిరుగుతోంది. దీవి మొత్తాన్నీ దైవంగా భావించే ఆచారం వల్ల ఇక్కడ పుట్టుకలు, చావులు ఉండకూడదని పూర్వం కట్టుబాటు. నెలలు నిండిన స్త్రీలు, పోయే కాలం దగ్గరపడిన వృద్ధులు అవతలి ఒడ్డుకు వెళ్లాల్సిందే. ఇప్పటికీ దీవిలో శ్మశానం లేదు. "మన టౌన్‌షిప్ లాగే" అంది. ఆయనకు అర్థం కాలేదు. "అక్కడా అంతేగా. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లే క్వార్టర్. ముసలితనం ఇంకెక్కడో చూసుకోవాలి. ఆ ఇంకెక్కడో ఏదో చెప్పమంటున్నాను, అంతే."

ఆయన జవాబివ్వకుండా రోప్‌వే టికెట్లు కొన్నారు. మిసెన్ కొండ ఎత్తు 535 మీటర్లు. తీగ మీద రెండు బండ్లు మారి పైకి చేరినా, చూడాల్సిన చోటికి మళ్లీ రాతిమెట్ల దారి. కుర్రాళ్లు 20 నిమిషాల్లో వెళ్లే దూరానికి వారికి ముప్పావు గంట పట్టింది. ప్రతి మలుపు దగ్గరా ఆమె ఆగింది. ప్రతిసారీ ఆయన నాలుగు మెట్లు పైకి వెళ్లి, మళ్లీ వెనక్కి దిగి వచ్చారు. మూడోసారి నుంచి పక్కనే నడిచారు.

పైన రేకదో అనే చిన్న మందిరం. తొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో బౌద్ధ గురువు కోబో దైషి వెలిగించిన నిప్పు సుమారు 1,200 ఏళ్లుగా ఆరకుండా మండుతోందని ఇక్కడి నమ్మకం. ముందు రోజు హిరోషిమా శాంతివనంలో వారు చూసిన జ్యోతికి కూడా ఇక్కడి నిప్పు తీసుకెళ్లారని చెబుతారు. 1964లో వెలిగించిన ఆ శాంతిజ్యోతిని లోకంలో అణ్వాయుధాలు లేనినాడే ఆర్పుతారట.

లోపల చీకటి, పొగ. మసిబారిన వాసాల కింద దుంగలు మండుతుంటే, వాటి మీద పెద్ద ఇనుప పాత్రలో నీళ్లు కాగుతున్నాయి. ఆ నీళ్లు తాగితే రోగాలు పోతాయంటారు. ఆమె కళ్లు తుడుచుకుంటూ ఒక గుక్క తాగింది. ఆయన మాత్రం నిప్పును చూడలేదు, గోడ వారగా పేర్చిన కట్టెల్ని చూశారు. చీల్చి, ఎండబెట్టి, ఒద్దికగా పేర్చి ఉన్నాయి. కాసేపటికి ఒకతను వచ్చి, బొగ్గులు సర్ది, ఒక దుంగ పెట్టి వెళ్లాడు. చేతులు జోడించలేదు, ఆర్భాటం లేదు. డ్యూటీ.

"ఆరని నిప్పంటూ ఉండదు" అన్నారాయన బయటికొచ్చి, బండ మీద కూర్చుంటూ. "ఆరనివ్వని మనుషులుంటారు. ఫర్నేస్ షట్‌డౌన్ చేసినా లోపలి నిప్పు చావకుండా కప్పిపెట్టి ఉంచుతాం. ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి." 2005లో ఈ మందిరం కాలిపోయిందనీ, మరుసటి ఏడాది మళ్లీ కట్టారనీ ఆమె ఫోన్‌లో చదివి వినిపించింది. "కట్టడం పోయినా నిప్పు ఉంటే చాలు, మళ్లీ కట్టుకోవచ్చు" అన్నారు.

ఆమె వెంటనే ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా అంది: "మీరు ఆ నిప్పును చూశారు. ఇల్లు ఆరకుండా నేను చూశాను. మీకు రిలీవర్ వచ్చేవాడు. నాకు రాలేదు."

షిఫ్టు ముగిసినా రిలీవర్ రాకపోతే ఏమవుతుందో ఆయనకు తెలుసు. అలాంటి రోజున మరో ఎనిమిది గంటలు నిలబడాల్సిందే. జీవితంలో అది ఎన్నిసార్లు జరిగిందో, ఇంటికొచ్చి ఎంత విసుక్కున్నారో ఆయనకు గుర్తుంది. అప్పుడు అన్నం వేడి చేసి పెట్టిన మనిషి షిఫ్టు గురించి మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు. ఎదురుగా సముద్రంలో చిన్న చిన్న దీవులు, వాటి మధ్య పడవలు. చాలాసేపటికి, "రాత్రిళ్లు లేచి మేడ మీదికెందుకు వెళ్తానో నీకు తెలుసా?" అని అడిగారు. తెలుసని ఆమె తలూపింది. కరిగిన స్లాగ్ పారబోసినప్పుడు ప్లాంటు వైపు ఆకాశం ఎర్రబడుతుంది. అది చూసుకుని వచ్చి పడుకుంటేనే ఆయనకు నిద్ర. "విశాఖలోనూ ఉక్కు ఫ్యాక్టరీ ఉంది లెండి" అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది.

సాయంత్రం బజారు వీధిలో మేపుల్ ఆకు ఆకారంలో చేసే మోమిజి మంజు తిన్నారు. లోపల ఎర్ర చిక్కుళ్ల తీపిముద్ద. "బూరెలో పూర్ణమే, నెయ్యి లేదంతే" అని ఆమె తీర్పు. చెక్క హస్తాలకు ఈ దీవి పెట్టింది పేరు. అన్నం వడ్డించేందుకు వాడే ఆ హస్తాల్లో ఏడు మీటర్లు దాటిన ఒకదాన్ని వీధి మధ్యలో ప్రదర్శనకు పెట్టారు. ఆమె బేరమాడకుండా జానెడు హస్తం ఒకటి కొంది. దుకాణాల్లో వాటి మీద పేర్లు రాసిస్తారు. ఆమె రాయించుకోలేదు.

చీకటి పడేసరికి పగటి యాత్రికులంతా పడవల్లో వెళ్లిపోయారు. పోటు వచ్చి, మహాద్వారం మళ్లీ నీళ్లలో నిలబడింది. గట్టు మీద ఇద్దరూ, కాస్త దూరంలో ఒక జింక. ఆమె సంచిలోంచి హస్తం తీసి, పెన్నుతో సహా ఆయన చేతికిచ్చింది. "చూద్దాం అనకండి. తేదీ రాయండి."

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పారు. రిసాలిలో ఎవరెవరున్నారో మనసులో లెక్కేసుకున్నట్టున్నారు. పాలవాడు, సెక్టార్లలో మిగిలిన తోటి ఉద్యోగులు, పొద్దున్నే కలిసి నడిచే నలుగురు. చివరికి వీధిదీపం వెలుగులో వంగి రాశారు: "రోహిణీ కార్తెలోపు." కింద సంతకం కూడా చేశారు. లాగ్‌బుక్‌లో చేసినట్టే, ఇంగ్లీషులో.

మాట నిలబడింది. 2024 మే నెలలో ఎండలు ముదరకముందే సామాను లారీకెక్కింది. ఇప్పుడు వారు ఉంటున్నది విశాఖ శివారు పెందుర్తిలో. కిరండూల్ నుంచి రేవుకు వెళ్లే ఎర్రమట్టి గూడ్సులు అటుగానే వెళ్తాయి. రాత్రిళ్లు ఆ చప్పుడుకు ఆయన లేస్తారు. మేడ ఎక్కడానికి బదులు వంటింట్లోకి వెళ్లి టీ పెడతారు. పొద్దున పొయ్యి వెలిగించే డ్యూటీ ఇప్పుడు ఆయనదే.