గుఱ్ఱమెక్కిన కూఁతురు

దొంతన్‌పల్లిలో మా యమ్మాయి గుఱ్ఱపుస్వారి నేర్చుకొందు ననఁగానే నాయనమ్మ "కాలు విఱిగినచోఁ బెండ్లి యెట్లు?" అనెను. మేమును జంకితిమి. సభలలో రుద్రమదేవిని గొనియాడు మేమే, యింటిపిల్ల కళ్లెము పట్టెద ననఁగా భయపడితిమి.

1952 హెల్సింకీ ఒలింపిక్సులో డెన్మార్కు వనిత లిజ్ హార్టెల్, పోలియోచే మోఁకాళ్లకు దిగువ చచ్చుబడిన కాళ్లతోనే, స్వారిలో రజతపతకము గెలిచెను. 2023లో జరిగిన ఆసియా క్రీడలలో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగు లున్న మన జట్టునకు స్వర్ణము లభించెను. ఈ సంగతులు చెప్పి యింటిల్లిపాదిని ఒడఁబఱచితిమి. శిరస్త్రాణము బిగించి, వేకువనే పిల్లను మైదానమునకుఁ గొనిపోవుట మా వంతైనది.

మొన్నటి పోటీలో గుఱ్ఱము అడ్డుకఱ్ఱను పడఁద్రోసెను, బహుమానము రాలేదు. పిల్ల దాని మెడ నిమిరి, నీళ్లు పెట్టిన పిదపనే మా కడకు వచ్చెను. ఓటమిని నోరులేని జంతువుపై మోపని యా నడవడియే మాకుఁ జాలును.

"మరల పోటీ యెప్పుడు?" అని ముందుగా నడిగినది నాయనమ్మయే.