ఉప్పెన వెళ్లిన దారిలో

కృష్ణమ్మ సముద్రాన్ని చేరబోయే ముందు పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ ఉన్న నేలే దివిసీమ. విజయవాడ నుండి వెళ్లేవారు చల్లపల్లి, మోపిదేవి మీదుగా వెళ్లి, పులిగడ్డ వద్ద నది దాటి అవనిగడ్డ చేరుతారు. అక్కడ నుండి ఒక దారి నాగాయలంకకు, మరొకటి కోడూరు మీదుగా హంసలదీవికి పోతుంది. మేము ఈ రెండు దారులలోను వెళ్లాము. ఇరుప్రక్కల వరి చేలు, వాటి వెనుక రొయ్యల చెరువులు, ఆ వెనుక మడ అడవి. చూచేవారికి ఇది ఎంతో ప్రశాంతమైన సీమ.

అయితే 1977 నవంబరు 19, శనివారం నాడు ఈ నేల మీదికి సముద్రమే నడచి వచ్చింది. నీరు తాటిచెట్టు నడుము ఎత్తున లేచి, మైళ్ల కొలది లోపలికి చొచ్చుకు పోయింది. మట్టి గోడలు, తాటాకు కప్పులు క్షణంలో కొట్టుకుపోయాయి. చెట్లను కరచి పట్టుకున్నవారు కొందరు బ్రతికారు. ప్రభుత్వ లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది చనిపోయారు. నాగాయలంక మండలంలోని సొర్లగొంది పేరు చెబితే ఇప్పటికీ పెద్దల కళ్లు చెమరుస్తాయి. ఉప్పెన ఎంతవరకు వచ్చిందో ముందు తరాలకు తెలియాలని ఆ చోట స్మారక స్థూపం నిలిపారు.

ఆ దినాలలో ఎక్కడెక్కడి నుండో సహాయం వచ్చింది. సైన్యం వచ్చింది. మదర్ థెరీసా వచ్చారు. రామకృష్ణ మిషన్ వారు వచ్చారు. మన సంఘాల తరఫున కాసా వారు వచ్చారు. స్థానిక నాయకులు మండలి వెంకట కృష్ణారావు గారు పునరావాస కృషిలో ముందు నిలిచారు. విదేశాల నుండి బట్టలు, మందులు, ధనము వచ్చాయి. ఆకలిగా ఉన్నవానికి ఎవరు వండారన్నది ప్రశ్న కాదు గదా!

కాని చదువరులారా, అన్నం పొట్లం ఒక్క పూటకే. మరుసటి ఉప్పెనకు ఏమి చేయాలి? ఈ ప్రశ్నకు జవాబుగా నిలిచినవే తీరం పొడవునా కనబడే తుపాను షెల్టర్లు. ఐరోపా దేశాల సహాయంతో కొన్ని, సేవాసంస్థల చేత కొన్ని, 1990 తరువాత ప్రపంచ బ్యాంకు అప్పుతో మరికొన్ని లేచాయి. క్రింద స్తంభాలు మాత్రమే ఉంటాయి, నీరు అడ్డులేకుండా వాటి మధ్యగా పోతుంది. జనం మేడ మీద ఉంటారు. మామూలు రోజులలో అనేక చోట్ల అందులోనే బడి నడుస్తుంది.

ఫలితం ఏమిటి? 1990 మే 9న మరొక పెనుతుపాను ఇదే కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ఈసారి ముందుగానే లక్షల మందిని తరలించారు. 967 మంది మరణించారు. ఒక్క ప్రాణం పోయినా దుఃఖమే. అయినా పదివేలు ఎక్కడ, ఈ సంఖ్య ఎక్కడ! 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల వద్ద తీరం దాటింది. అప్పుడూ మనుష్యులను ముందే సురక్షిత స్థలాలకు చేర్చారు.

ఈ హెచ్చరిక వెనుక ఒక చక్కని ఒప్పందం ఉంది. ప్రపంచ వాతావరణ సంస్థ, ఐక్యరాజ్య సమితి వారి ఆసియా సంఘం కలసి 1972లో బంగాళాఖాతం, అరేబియా సముద్రాల తుపానుల కొరకు ఒక మండలిని ఏర్పరచాయి. నేడు అందులో 13 దేశాలున్నాయి. భారతదేశమూ ఉంది, పాకిస్తానూ ఉంది. ఢిల్లీ కేంద్రం తుపాను సమాచారాన్ని అందరికీ పంపుతుంది. తుపానులకు పేర్లు కూడ ఈ దేశాలే ఇస్తాయి. 2014లో విశాఖను కొట్టిన హుద్‌హుద్‌ ఒమాన్ ఇచ్చిన పేరు, మిచాంగ్ మయన్మార్ ఇచ్చినది. సరిహద్దు దగ్గర తగవులాడే దేశాలు గాలివాన దగ్గర ఒక బల్ల చుట్టూ కూర్చుంటున్నాయి!

2004 డిసెంబరు 26న, క్రిస్మస్ మరునాడు, సునామీ 14 దేశాలలో రెండు లక్షలకు పైగా ప్రాణాలను తీసింది. హిందూ మహాసముద్రానికి అప్పుడు సునామీ హెచ్చరిక ఏర్పాటే లేదు. 2007లో మన హైదరాబాదులోనే ఆ కేంద్రం వెలిసింది. ఇప్పుడు ఇండోనేషియా, ఆస్ట్రేలియా కేంద్రాలతో పాటు అది ఇరుగుపొరుగు దేశాలనూ హెచ్చరిస్తుంది. ఒకనాడు చేయి చాచిన మనము నేడు చేయి అందిస్తున్నాము.

ఇక మడ అడవి మాట. ఇది అల వేగాన్ని తగ్గిస్తుంది, చేపలకు పీతలకు పుట్టిల్లు. వంటచెరకుకు నరికి, చెరువులకు తవ్వి చాలా పోగొట్టుకున్నాము. కెనడా ధనసహాయంతో ఎం.ఎస్. స్వామినాథన్ ఫౌండేషన్, అటవీశాఖ, గ్రామస్థులు కలసి కృష్ణా, గోదావరి ముఖద్వారాలలో పాడైన మడను తిరిగి పెంచారు. పద్ధతి సులభమే. ఎండి ఉప్పు తేలిన నేలకు చేప ముల్లు ఆకారంలో కాలువలు తీస్తారు. పోటు నీరు వచ్చి పోతూ ఉంటే ఉప్పు కడిగిపోయి, నాటిన మొక్క నిలుస్తుంది. విదేశీ ధనం కాలువ తవ్వించగలదు. అందులో పూడిక తీయవలసినది మాత్రం ఊరివారే.

షెల్టరు సంగతీ అంతే. తలుపు తుప్పుపట్టి, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియకపోతే, పరదేశి ధర్మం గాలివాన రాత్రి మనకు అక్కరకు రాదు. తీరాన ఉన్న మన కుటుంబాలవారు ఈ ఎండకాలంలోనే వెళ్లి, మెట్లు బాగున్నాయా, నీటి తొట్టి ఉన్నదా, తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నది చూచుకోవాలి. నడవలేని ముసలివారిని, నిండు చూలాలిని ఎవరు మోసుకు రావాలో ముందే అనుకోవాలి. దూరదేశపువాడు మన కొరకు చేయవలసినది చేశాడు. మిగిలినది మన వీధిలోని పని.